రెండోసారి ఓటు అడగబోయే కార్పొరేటర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగిన తమ్ముడు రాసింది క్లుప్తంగా ఇది. వాళ్ల అమ్మగారు 2020లో మహిళా రిజర్వేషన్ డివిజన్ నుంచి మొదటిసారి కార్పొరేటర్‌గా గెలిచారు. ఒకప్పుడు విడిగా మున్సిపాలిటీగా ఉండి, తర్వాత హైదరాబాద్‌లో కలిసిపోయిన శివారు ప్రాంతం వాళ్లది. రోడ్లు వేయించారు, లైట్లు పెట్టించారు. ఇప్పుడు పదవీకాలం అయిపోయింది, డివిజన్ హద్దులు మారాయి, టికెట్ వస్తుందో లేదో తెలియదు. కాలనీల్లోకి వెళ్తే "ఐదేళ్లలో ఏం చేశారమ్మా" అంటున్నారు. మళ్లీ నిలబడాలా, నిలబడితే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత ఖర్చు పెట్టాలి అని అడిగారు.

తమ్ముడూ, నేను మున్సిపాలిటీ ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. మా దగ్గర మున్సిపాలిటీ ఉన్నప్పుడు కౌన్సిలర్లతో, 2007లో పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు హైదరాబాద్‌లో కలిపి జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) చేశాక కార్పొరేటర్లతో నాకు రోజూ పని. మొదటిసారి గెలిచి రెండోసారి అడ్రస్ లేకుండా పోయినవాళ్లను చూశాను, పార్టీ గాలి ఎదురుగా ఉన్నా నిలదొక్కుకున్నవాళ్లనూ చూశాను. పనులు ఎక్కువ చేసినవాళ్లే గెలిచారని మాత్రం చెప్పలేను. కాని పని ఎందుకు కాలేదో జనానికి ఎప్పటికప్పుడు చెప్పినవాళ్లకు గెలిచే అవకాశం బాగా ఉండేది. నా అనుభవంలో నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే, మీకు చెప్పబోయేదంతా దీని మీదే ఉంటుంది.

అమ్మగారిని నిలబడమనండి. అయితే ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరగడానికి ముందు గల్లీవారీగా ఒక లెక్క తయారు చేయించండి. ఈ గల్లీవాళ్లు ఏం అడిగారు, ఏం అయింది, కానిది ఎక్కడ ఆగింది. ఐదేళ్లలో అమ్మగారికి వచ్చిన అర్జీలు, ఆమె రాసిన లెటర్లు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. వాటన్నిటినీ బయటికి తీయండి. ఒక మామూలు రిజిస్టర్ చాలు, గల్లీకి ఒక పేజీ. మీ దగ్గర లేని వివరం సర్కిల్ ఆఫీసులో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పని పేరు, ఎస్టిమేట్ మొత్తం, టెండర్ తేదీ, ఏజెన్సీ, ఎంబీ (జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకం) రికార్డైందా లేదా, ఇవి అడిగితే చాలు.

ఆ పేజీ ఎందుకంటే, జనం అడిగే ప్రశ్న పైకి ఒకటి, లోపల ఇంకొకటి ఉంటుంది. ఒక గల్లీ సంగతి చెబుతాను, ఇలాంటిది మీ డివిజన్‌లోనూ ఉంటుంది. సీసీ రోడ్డు కావాలని అడిగారు, శాంక్షనైంది, పోశారు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోశారు. రోడ్డు జానెడు లేచింది, పాత ఇళ్ల గడపలు కిందికి పోయాయి. వాన పడితే రోడ్డు మీద నీళ్లు గేటు దాటి వరండాలోకి వస్తాయి. ఒక్కొక్కరు గేటు ముందు సిమెంటుతో చిన్న గట్టు కట్టుకున్నారు, ఆ గట్టుకు బండి ఎక్కదని మళ్లీ ర్యాంపు పోసుకున్నారు, ఆ ర్యాంపు రోడ్డు మీదికి వచ్చిందని పక్కింటివాళ్లతో గొడవ. మ్యాన్‌హోల్ మూత రోడ్డు కన్నా కింద గుంటలో ఉండిపోయింది, రాత్రిపూట బండి చక్రం అందులో పడుతోంది. మీ కరపత్రంలో ఇది "సీసీ రోడ్డు పూర్తి" అని ఉంటుంది. ఆ గల్లీలో ఉన్న ఇరవై ఇళ్లకు అది ఐదేళ్ల చికాకు. ఆ కరపత్రం పట్టుకుని అదే గల్లీలోకి వెళ్తే ఓటు రాదు, మాట పడుతుంది.

అదే అమ్మగారు ఆ గల్లీ పేజీ తీసి, "రోడ్డు పోయించింది నేనే, తవ్వి పోయమని అసిస్టెంట్ ఇంజినీర్‌కు రాసి ఉండాల్సింది, రాయలేదు. మ్యాన్‌హోల్ లెవల్ చేయాల్సింది జలమండలి, వాళ్లకు పెట్టిన లెటర్ ఇదిగో, ఈ తేదీన పెట్టాను, ఇంకా కదల్లేదు" అంటే వినేవాళ్ల ముఖాలు మారతాయి. కోప్పడతారు కూడా. పడనివ్వండి. ఎదురుగా నిలబడి ఆ కోపం విన్న మనిషి మీద రెండోరోజుకి గౌరవం పెరుగుతుంది.

ఏది ఎవరి పనో మీరిద్దరూ గట్టిగా తెలుసుకోవాలి. మన జనం కార్పొరేటర్‌ను నీళ్లు అడుగుతారు, కరెంటు అడుగుతారు, పింఛను, రేషన్ కార్డు, పోలీస్ స్టేషన్ పంచాయితీ అన్నీ అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, ఇంటికి దగ్గరున్న నాయకురాలు ఆమే. కాని మంచినీళ్లు, డ్రైనేజీ లైన్లు జలమండలివి. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు కరెంటు సంస్థవి, వీధి లైటు మాత్రం కార్పొరేషన్‌ది. పెద్ద నాలాల విస్తరణకు విడిగా ప్రాజెక్టు విభాగం ఉంది. చెరువు ఆక్రమణలైతే 2024 నుంచి హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చూస్తోంది. లోపలి రోడ్లు, చెత్త, దోమలు, పార్కులు, వీధి లైట్లు, శ్మశానవాటిక, కమ్యూనిటీ హాలు, ఇవి నేరుగా మన కార్పొరేషన్ పనులు. "అది నా పని కాదు" అని మాత్రం అమ్మగారు ఒక్కసారి కూడా అనకూడదు. "అది ఫలానా ఆఫీసు పని, ఫలానా తేదీన అడిగాను, జవాబు ఇదీ" అనాలి.

2020 అక్టోబర్ వరదలు మీకు గుర్తుండే ఉంటాయి. మీ ప్రాంతంలో ఇళ్లలోకి నీళ్లు వచ్చి ఉంటే ఆ ఎన్నికలు ఎలాంటి వాతావరణంలో జరిగాయో మీకు తెలుసు. పదివేల సాయం ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అనే గొడవ పోలింగ్ దాకా నడిచింది. ఆ వరదల్లో మునిగిన గల్లీలన్నీ మీ రిజిస్టర్‌లో ముందు పేజీల్లో ఉండాలి. ఆ తర్వాతి వానలకు నీళ్లు తగ్గాయా, అలాగే వస్తున్నాయా అన్నది అక్కడివాళ్లనే అడిగి రాసుకోండి. నాలా పని సగంలో ఉంటే సగంలో ఉందని చెప్పండి. మునిగిన ఇంటివాళ్ల దగ్గర అబద్ధం ఎంతమాత్రం చెల్లదు.

ఇప్పుడు హద్దుల సంగతి. 2021 ఫిబ్రవరి 11న ప్రమాణం చేసిన పాలకవర్గానికి ఐదేళ్లు 2026 ఫిబ్రవరిలో నిండాయి. ఈలోగా శివారు మున్సిపాలిటీలను కలిపి, 150 డివిజన్లను 300 చేశారు. అంటే అమ్మగారి పాత డివిజన్‌లో కొంత భాగం పక్కకు పోయి ఉంటుంది, కొత్తగా కొన్ని కాలనీలు వచ్చి ఉంటాయి. నగరాన్ని ఒకటికి మించి కార్పొరేషన్లుగా కూడా విడగొట్టారు, మీరు వాటిలో దేని కిందకు వచ్చినా ముందు చేయాల్సింది ఒకటే. నోటిఫికేషన్‌లో ఇచ్చిన హద్దులు పట్టుకుని బండి మీద కాదు, నడిచి తిరగండి. ఫలానా నాలా, ఫలానా రోడ్డు, ఫలానా ఇంటి నంబరు అని రాసి ఉంటుంది. కాగితం మీద ఒక గీత ఒక అపార్ట్‌మెంట్‌ను అటు వేసిందో ఇటు వేసిందో నేల మీద చూస్తేనే తెలుస్తుంది.

కొత్తగా కలిసిన కాలనీల్లో ఆమె పాత కార్పొరేటర్ కాదు, కొత్త మనిషి. అక్కడ "నేను చేశాను" అంటే ఎవరికీ అర్థం కాదు. అక్కడ వినడమే పని. పక్కకు పోయిన గల్లీలను కూడా వదిలేయకండి. వాళ్ల ఓటు ఆమెకు రాదు నిజమే, అయినా వాళ్ల చుట్టాలు, స్నేహితులు డివిజన్‌లో ఉన్నారు. ఓటు లేదని ఫోన్ ఎత్తడం మానేసిందన్న మాట ఊరంతా పాకుతుంది.

ఓటరు జాబితా పని మీరు చేయండి, అది యువకుల పని. కార్పొరేషన్ ఎన్నికలకు అసెంబ్లీ ఓటరు జాబితానే డివిజన్లవారీగా విడగొడతారు. అక్కడే తప్పులు దొర్లుతాయి. ఒకే ఇంట్లో భర్త ఓటు ఒక డివిజన్‌లో, భార్య ఓటు పక్క డివిజన్‌లో పడుతుంది. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు అభ్యంతరాలకు టైమ్ ఇస్తారు, ఆ కొద్దిరోజులే అసలైన కాలం. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు, చనిపోయినవాళ్లు, పెళ్లయి వచ్చిన కోడళ్లు, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు, ఇంటింటికీ తిరిగి గుర్తుపెట్టుకోండి. పోలింగ్ రోజు స్లిప్పు పట్టుకుని వచ్చి "నా ఓటు ఎక్కడుంది" అని వెతుక్కునే పెద్దమనిషికి అప్పుడు మీరేమీ చేయలేరు. 2020లో నగరం మొత్తం మీద ఓటేసింది 46 శాతం పైచిలుకే. సగం మంది రారు, కొన్నిచోట్ల గెలుపు ఓటముల తేడా వందల్లోనే ఉంటుంది. అలాంటప్పుడు గల్లంతైన ఒక్కో ఓటు విలువ మీరే లెక్కవేసుకోండి.

తమ్ముడూ, ఇప్పుడు చెప్పబోయేది మీకు కొంచెం కష్టంగా ఉండొచ్చు. మీ ప్రశ్నలో "మేము రోడ్లు వేయించాం", "నాన్న ఆఫీసులో మాట్లాడారు", "నేను చూసుకున్నాను" అని ఉంది. అమ్మగారు ఏం చేశారో ఎక్కడా లేదు. నా సర్వీసులో మహిళా కార్పొరేటర్ల భర్తలు ఫైళ్లు పట్టుకుని రావడం, రివ్యూ మీటింగుల్లో కుర్చీ లాక్కుని కూర్చోవడం ఎన్నోసార్లు చూశాను. ఆఫీసర్లు మొహమాటానికి నమస్కారం పెడతారు, వెనక్కి తిరగ్గానే ఆ ఫైలు పక్కన పెడతారు. సంతకం ఆమెది, ప్రశ్న వేసే హక్కు ఆమెది, జనరల్ బాడీలో మైకు ఆమెది. ఆమె స్వయంగా వచ్చి "ఈ ఎస్టిమేట్ ఎందుకు ఆగింది" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. భర్త అడిగితే "చూస్తాం సార్" అని పంపిస్తారు.

ఓటర్లకూ ఇది కనిపిస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్లకు. నల్లా నీళ్లు రెండు రోజులకోసారి అర్ధరాత్రి వదిలితే నిద్ర చెడేది వాళ్లకే, చెత్త ఆటో రాకపోతే వాసన భరించేది వాళ్లే. మహిళా సంఘాల మీటింగుకు మీరు కాదు, ఆమె ఒక్కరే వెళ్లాలి. చాప మీద కూర్చుని, టీ తాగి, వాళ్లు చెప్పింది ఆమె చేత్తోనే రాసుకోవాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య బస్తీల్లో ఆడవాళ్లకు కాస్త తీరిక, సాయంత్రం ఏడు దాటాక పనికెళ్లినవాళ్లు ఇళ్లకు చేరతారు. ఫోన్ నంబరు కూడా ఆమెదే ఇవ్వాలి, ఆమే ఎత్తాలి. ఎత్తలేనప్పుడు రాత్రి తొమ్మిదిలోపు తిరిగి చేయాలి. మీరు, నాన్నగారు వెనక ఉండి కాగితాలు, జాబితాలు, బూత్ ఏజెంట్ల పని చూసుకోండి, అది చిన్న పనేం కాదు.

పాలకవర్గం లేని కాలం గురించి కూడా చెప్పాలి. ఇంతకుముందు ఒకసారి 2014 డిసెంబర్‌లో పాలకవర్గం గడువు ముగిస్తే ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగాయి. ఏడాదికి పైగా ప్రత్యేక అధికారి పాలన. ఆ ఏడాది చాలామంది మాజీలు "ఇప్పుడు నా చేతిలో ఏముంది" అని ఇంట్లో కూర్చున్నారు. కొందరు మాత్రం రోజూ పొద్దున్నే సర్కిల్ ఆఫీసుకు వచ్చి, పదవి ఉన్నప్పటిలాగే కాగితం ఇచ్చి, రసీదు తీసుకుని వెళ్లేవాళ్లు. పదవి లేకపోయినా మామూలు పౌరురాలిగా ఫిర్యాదు చేయొచ్చు, సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు. పదవి లేని రోజుల్లో మోసిన అర్జీని జనం మర్చిపోరు. అమ్మగారికి ఇదే మంచి సమయం అని నా అభిప్రాయం.

అపార్ట్‌మెంట్లవాళ్లు ఓటు వేయరు కాబట్టి వదిలేద్దాం అనేవాళ్ల మాట వినకండి. వాళ్లు తక్కువ వస్తారు, నిజమే. అయితే వాళ్ల అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం పెడితే వందల ఇళ్లు చదువుతాయి. వాళ్లకు ఫ్లెక్సీలు, డప్పులు నచ్చవు. మీ కాలనీకి ఈ ఐదేళ్లలో ఇంత పని అయింది, ఇంత కాలేదు అని ఒక పేజీ పీడీఎఫ్ పంపండి. ఫ్లెక్సీల మీద పెట్టే డబ్బు దండగ, జరిమానా అదనం.

ఇంకొక విషయం సూటిగా అడుగుతాను. ఇళ్లు కట్టుకునేవాళ్ల దగ్గర స్లాబ్‌కు ఇంత అని మీవాళ్లు ఎవరైనా వసూలు చేశారా? మీ అమ్మగారికి తెలియకుండా ఆమె పేరు చెప్పి ఎవరైనా తీసుకున్నారా? చాలా డివిజన్లలో ఓటమికి మూలం ఇదే, ఎవరూ బయటికి చెప్పరు. 75 గజాలలోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవడానికి 2020 నాటి టీఎస్ బీపాస్ (భవన అనుమతుల) చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలు, అనుమతి అక్కర్లేదు. అలాంటి పేదవాడి ఇంటి ముందు ఇసుక కుప్ప కనిపించగానే బండి ఆపి బెదిరించే మనుషులు ప్రతి పార్టీలో ఉన్నారు. ఇల్లు కట్టుకునేవాడు అప్పు చేసి ఆ డబ్బు ఇస్తాడు, ఆ అప్పు తీరేదాకా ఆ పేరు మర్చిపోడు. మీ చుట్టూ అలాంటివాళ్లు ఉంటే ఈరోజే దూరం పెట్టండి, దూరం పెట్టారని అందరికీ తెలిసేలా పెట్టండి. ప్రచారంలో వాళ్లు పక్కన నడిస్తే అమ్మగారు ఎంత మంచిగా మాట్లాడినా వృథా.

టికెట్ విషయానికి వస్తే, రిజర్వేషన్ ఖరారు అయ్యేదాకా ఆగండి. డివిజన్లు కొత్తవి కాబట్టి పాత రిజర్వేషన్ అలాగే ఉంటుందని అనుకోవద్దు. జనరల్ అయితే కూడా మహిళ నిలబడొచ్చు, దానికి అడ్డు లేదు. అయితే అప్పుడు పార్టీలో మగవాళ్లు నలుగురు పోటీకి వస్తారు. ఆ రోజు ఎమ్మెల్యే ముందు, జిల్లా నాయకుల ముందు మీరు పెట్టగలిగిన బలమైన కాగితం ఆ గల్లీ రిజిస్టరే. "నాకు బలం ఉంది" అని అందరూ అంటారు, గల్లీవారీగా చూపించేవాళ్లు తక్కువ.

పార్టీ టికెట్ ఖాయం చేసే బీ ఫారం రాకపోతే ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేయాలా? చాలామంది కోపంతో వేస్తారు, కోపంతో వేసిన నామినేషన్‌కు ఖర్చు తప్ప ఫలితం ఉండదు. రిజిస్టర్ పట్టుకుని డివిజన్ మొత్తం తిరిగాక, కొత్త కాలనీల్లో కూడా జనం "మీరే నిలబడండి" అని వాళ్లంతట వాళ్లే అన్నారంటే అప్పుడు ఆలోచించండి. పాత గల్లీలవాళ్లు మాత్రమే అంటే ఆగండి. ఇది నా నిర్ణయం కాదు, మీ కుటుంబం నిర్ణయం, కాని నన్ను అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఖర్చు గురించి. 2020లో జీహెచ్ఎంసీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 5 లక్షలు. ఈసారి ఎన్నికల సంఘం ఎంత పెడితే అంతే. బయట కోట్లు అంటారు, ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లు నాకు తెలుసు. అమ్మేసిన ప్లాటు డబ్బుతో గెలిచిన కార్పొరేటర్ ఆ డబ్బు రాబట్టుకోవడం మొదటిరోజు నుంచే మొదలుపెట్టాల్సి వస్తుంది, గౌరవ వేతనం చూస్తే నెలకు కొన్ని వేలే. పైన చెప్పిన స్లాబ్ వసూళ్లు పుట్టేది అక్కడే. పోలింగ్ ముందు రాత్రి డబ్బు, మందు పంచకపోతే ఓడిపోతామని మీకు నలుగురు చెబుతారు. పంచి ఓడినవాళ్లను కూడా నేను చూశాను, రెండు పార్టీల దగ్గరా తీసుకుని మూడోవాడికి వేసిన బస్తీలున్నాయి. డబ్బు పంచొద్దు. మీ ఇంటి డబ్బు కరపత్రాలకు, ఏజెంట్ల భోజనాలకు, ఆటోకు, మైకుకు సరిపోయేంత పెట్టండి, అంతకు మించి అప్పు చేయొద్దు.

నామినేషన్ వేసేలోగా ఇంటి పన్ను, నల్లా బిల్లు బకాయిలు లేకుండా కట్టేసి రసీదులు దగ్గర పెట్టుకోండి. అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు ఉన్నవి ఉన్నట్టు రాయండి, ఏ గడీ ఖాళీగా వదలకండి, లేకపోతే "లేదు" అని రాయండి. ప్రచారం మొదటిరోజు నుంచే ఖర్చుకు ఒక పుస్తకం పెట్టి, బిల్లులు అందులో అతికించే పని ఒక్కరికే అప్పజెప్పండి. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా ఆ లెక్క అధికారులకు అందజేయాలి. ఓడిపోయినవాళ్లు బాధలో ఇది మర్చిపోతారు, తర్వాత మూడేళ్లు పోటీకి అనర్హులు అని నోటీసు వస్తుంది.

గల్లీ పేజీలు ఒక పది రాశాక మళ్లీ ఇక్కడ అడగండి. ఏ పని ఏ ఆఫీసులో ఎందుకు ఆగిందో, ఎవరికి లెటర్ పెట్టాలో నాకు తెలిసినంత చెబుతాను.